తమ్ముడి పెట్టెకు నేను చేసిన సేవ

ఏడు నెలల పాటు నేను తిట్టినవాళ్ళందరికీ ముందుగా క్షమాపణ చెప్పుకోవాలి. వాళ్ళలో ఎక్కడో మంచు పడే దేశాల్లో కూర్చుని, ఎవరి దగ్గరా ఏమీ ఆశించకుండా లోకానికి ప్రోగ్రాములు రాసిపెట్టే మహానుభావులు ఉన్నారు. గ్రాఫిక్స్ కార్డులు చేసే కంపెనీవాళ్ళు ఉన్నారు. మా వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. చెప్పడానికి నోరు రావడం లేదు గానీ, చనిపోయిన నా తమ్ముణ్ణి కూడా ఒక ఆదివారం తిట్టాను. వీళ్ళలో ఒక్కరిదీ తప్పు లేదు. తప్పు నాది. అది వట్టి తెలివితక్కువవాడికి సాధ్యమయ్యే తప్పు కాదు. కొంచెం చదువు, కొంచెం భక్తి, తమ్ముడి మీద బోలెడు ప్రేమ, ఈ మూడూ ఒకే మనిషిలో కూడితే తప్ప పండని మూర్ఖత్వం అది.

నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. సంధులు విడదీయమంటే విడదీస్తాను, సమాసాలకు విగ్రహవాక్యాలు చెప్పమంటే చెబుతాను. కంప్యూటర్ ముందు కూర్చోబెడితే మాత్రం నేనే విగ్రహం.

తమ్ముడు వీడియోలు తీసేవాడు. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, ఉపనయనాలు. తిరుపతిలో మేమిద్దరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం, కింద నేను, మేడ మీద వాడు. వాడి గదిలో ఒక పెద్ద నల్లటి కంప్యూటర్ ఉండేది. దాన్ని ఇంట్లో అందరం 'పెట్టె' అనేవాళ్ళం. అందులో అందరి దగ్గరా ఉండే ఆపరేటింగ్ సిస్టం కాకుండా, ఉచితంగా దొరికే లినక్స్ పెట్టుకున్నాడు. పోయిన ఏడాది ఆషాఢంలో ఒక మధ్యాహ్నం, ఎవరిదో పెళ్ళి క్యాసెట్టు (పెన్ డ్రైవులు వచ్చి ఎన్నేళ్ళయినా వాడు క్యాసెట్టనే అనేవాడు) ముగించి, అన్నం తిందామని లేచి, లేచినవాడు లేచినట్టే కూలిపోయాడు. గుండె. నలభై ఆరేళ్ళు.

వాడు తనకోసం తీసుకున్న సినిమా ఒక్కటే. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరితే మా మేడ మీదికి తూర్పున కనిపిస్తుంది. పగలైతే తెల్లటి గీత, పొద్దు గుంకాక అయితే నిప్పుచుక్క. ప్రతిసారీ ఇంటిల్లిపాదీ పైకెక్కుతాం. పదకొండేళ్ళు వాడు అక్కడ కెమెరా పట్టుకుని నిలబడ్డాడు. రాకెట్‌ను మాత్రం తీయలేదు. రాకెట్‌కు వీపు పెట్టి, చూస్తున్న మా ముఖాలను తీశాడు. ఆ ముక్కలన్నీ ఏరి సినిమాగా కూర్చాడు. పోవడానికి పదిరోజుల ముందు భార్యతో అన్నాడట: "అయిపోయింది. ఈసారి సివర్లో నేనూ ఉండాను, సూద్దువులే."

ఈ మాట ఎంత పెద్దదో చెప్పాలి. ఎప్పుడూ కెమెరా వెనక ఉన్నవాడు కెమెరాలో ఉండడు. ఇంట్లో వెతికితే వాడి పెళ్ళి ఫోటో ఒకటి, ఓటరు కార్డు ఫోటో ఒకటి దొరికాయి. రెండోది పెద్దది చేయించి గోడకు పెట్టాం. అందులో వాడు ఏదో దొంగతనంలో దొరికినవాడిలా ఉంటాడు. మరదలు ఆ పటం ముందు దీపం పెట్టి, పైకి చూడకుండా వెళ్ళిపోయేది.

కార్తీకమాసంలో ఒక రోజు ఆమె నా దగ్గరికి వచ్చింది. "బావగారూ, ఆయన సేసిన ఆ రాకెట్ల సినిమా పెట్టెలోనే ఉండాది. సంవత్సరీకం లోపల ఒక్కసారి సూపిస్తారా? ఆయన మొగం మరిసిపోతానేమో అని భయంగా ఉండాది."

"దానికేమమ్మా, ఆదివారం సూద్దాం" అన్నాను. తెలుగు పంతుళ్ళు ఎంత ధీమాగా మాట ఇస్తారో, ఇచ్చాక ఎంత ఆలస్యంగా ఆలోచిస్తారో ఆమెకు అప్పటికి తెలియదు.

ఇక్కడ ఒక అడుగు వెనక్కి వేయాలి, దసరాకు. మా ఇళ్ళలో ఆయుధపూజ నాడు కత్తిపీట నుంచి మోటారు సైకిలు దాకా నామం పడని వస్తువు ఉండదు. తమ్ముడు ఏటా పెట్టెకు కూడా ముందువైపు రేకు మీద చిన్న నామం దిద్ది, పువ్వు పెట్టి, కర్పూరం చూపేవాడు. పోయిన దసరాకు మాకు పండగ లేదు. మనిషి పోయి మూడు నెలలే. ఏడాది దాకా పండగలు చేయకూడదు. కానీ వాడి పెట్టె ఆ రోజు బోసిగా ఉంటుందన్న ఊహ నేను భరించలేకపోయాను. నా భార్యా మరదలూ కూరగాయలకు వెళ్ళిన సమయం చూసి మేడెక్కాను.

బయట పెట్టడం వాడి పద్ధతి. అన్నను కదా, నేను మూలవిరాట్టుకే చేద్దామనుకున్నాను. పక్క రేకు విప్పాను. లోపల గ్రాఫిక్స్ కార్డు, ఇటుకంత ఉంది. దానికి రెండు చిన్న ఫ్యాన్లు, సుదర్శన చక్రాల్లా. ఒక్కోదాని నడిమధ్య గుండ్రటి నల్లటి బిళ్ళ, నామం కోసమే వదిలినట్టు. అరచేతిలో తిరుమణి అరగదీశాను. తిరుమణి అంటే నామానికి వాడే తెల్లమట్టి. వేలితో తీసి దిద్దాను. తమ్ముణ్ణి సాగనంపే ముందు వాడి నుదుట చివరి నామం దిద్దిన వేలు అదే. ఆ చల్లదనం ఇంకా దానికి గుర్తుంది. మట్టి పల్చగా అయి రెక్కల సందుల్లోకి కారింది. మళ్ళీ చిక్కగా కలిపి దిద్దాను, అదీ కొంత జారింది. రెండో చక్రానికీ అంతే. మధ్యన శ్రీచూర్ణం ఎర్రగా పెట్టి, దండం పెట్టి, రేకు బిగించాను. ఎవరికీ చెప్పలేదు.

మరదలికి చెప్పిన ఆ ఆదివారం, ఆమెను పిలవడానికి ముందు ఒకసారి పెట్టెను లేపి చూద్దామని మీట నొక్కాను. లేచింది. మూల నుంచి చిన్న చీటీ ఒకటి జారింది: కొత్త వెర్షన్ వచ్చింది, మార్చుకుంటారా? వాడి తరఫున ఇంటి పెద్దను నేనే కదా అని ఔనన్నాను. అది సగం మారి, సగంలో ఆగి, ఆ తర్వాత నల్లటి తెర మీద తెల్లటి గీత ఒకటి ఆర్పుతూ వెలిగించుకుంటూ కూర్చుంది. గంట చూశాను. చివరికి మీట నొక్కి ఆర్పేశాను. పోయినవాడి ఇంటికి కొత్త తలుపు పెట్టబోయి గోడ పడగొట్టినట్టయింది.

తమ్ముడికి చిత్తూరులో ఒక స్నేహితుడు ఉన్నాడు, స్టూడియో ఉంది, ఇద్దరూ కలిసి ఎన్నో పెళ్ళిళ్ళు తీశారు. ఫోను చేశాను.

"ఏమన్నా, అప్‌గ్రేడ్ కొట్టినావా? నిన్నెవురు కొట్టమనిరి?"

"అదే అడిగిందప్పా."

"ఎవురేమడిగినా ఔనంటావా నువ్వు? పోనీలే. వాడు ఫైళ్ళన్నీ వేరే అరలో పెట్టుకున్నాడు, అవి పోవు. లినక్స్ మళ్ళీ కొత్తగా వెయ్యి. తెర నల్లగా ఐతే సేఫ్ గ్రాఫిక్స్ అని ఉంటాది, అది పట్టుకో. తర్వాత డ్రైవర్ వేసుకో."

డ్రైవరంటే నాకు అప్పటిదాకా ఖాకీ చొక్కా వేసుకున్నవాడే. కంప్యూటర్‌లో డ్రైవరంటే దుబాసీ లాంటిదని, కార్డు భాష లినక్స్‌కూ లినక్స్ భాష కార్డుకూ చెబుతుందని అతనే చెప్పాడు. భాషల సంగతి అన్నాక నాకు ధైర్యం వచ్చింది. అక్కడే మునిగాను.

మూడు వారాలు పట్టింది గానీ లినక్స్ వేశాను. ఆ సేఫ్ గ్రాఫిక్స్‌లో పెట్టె బుద్ధిగా ఉండేది. తెర కాస్త పెద్ద అక్షరాలతో, చత్వారం వచ్చినవాడి పుస్తకంలా. కానీ తమ్ముడు వాడిన ఎడిటింగ్ ప్రోగ్రాం గట్టి గ్రాఫిక్స్ కార్డు కనిపిస్తే తప్ప తలుపు తీయదు. స్నేహితుడి దగ్గర అంత కార్డు లేదు. పెట్టెనే చిత్తూరుకు తెమ్మన్నాడు. మరదలు ఒప్పుకోలేదు. "అది గడప దాటొద్దు బావగారూ" అంది. రాకెట్ల ముక్కలు విడివిడిగా వందలు ఉన్నాయి, పేర్లు లేవు, అంకెలే. అవి ఎక్కడైనా చూడొచ్చు. వాటిలో వాడున్న ముక్క ఏదో వెతకడం మొదలుపెట్టి, పదకొండేళ్ళ ఆకాశం చూసి మానుకున్నాను. పువ్వులు చేతికొచ్చాయి, దండ ఆ ప్రోగ్రాం లోపల ఉండిపోయింది.

కాబట్టి అసలు డ్రైవర్ వేయాల్సిందే. వేశాను. ప్రోగ్రాం తెరుచుకుంది. ధనుర్మాసం, పొద్దున్నే. సినిమా మొదలైంది. మా మేడ, మా నీళ్ళ ట్యాంకు, ఖాళీ ఆకాశం. తమ్ముడి గొంతు: "అందురూ ఈడికి రండి. కదలొద్దు. ఇంగ వచ్చేస్తాంది, వచ్చేస్తాంది..."

తెర నల్లబడింది. గొంతు ఆగలేదు. చీకట్లోంచి వాడు ఇంకా పిలుస్తూనే ఉన్నాడు. కాసేపటికి గొంతు కూడా ఒకచోట తట్టుకుంది. వచ్చే, వచ్చే, వచ్చే, వచ్చే. పూర్తికాదు, ఆగదు. నేను కీబోర్డు మీద ఉన్నవన్నీ నొక్కుతున్నాను. వెనక్కి తిరిగి చూస్తే మరదలు గుమ్మంలో నిలబడి ఉంది, తడిచేతులతో, చేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"రికార్డింగమ్మా" అన్నాను.

"తెలుసు బావగారూ."

నేను తీగ పీకేశాను. గది ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమైందంటే, ఆమె తలెత్తి చుట్టూ చూసింది. "ఆయన ఉన్నప్పుడు ఈ గదిలో ఒక సప్పుడు ఉండేది. పెట్టె గుర్రుమంటా ఉండేది, ఊపిరి తీస్తున్నట్ల. ఇప్పుడు లేదు" అంది.

"మనిషి పోయినాక ఇల్లు అట్లే అనిపిస్తాదమ్మా" అన్నాను. ఇంకా ఏదో కూడా అన్నాను, జీవుడూ దేహమూ అని. అది నా జీవితంలో నేను చేసిన అత్యంత పనికిమాలిన ఉపన్యాసం. ఆమె నాకు జబ్బు పేరు చెబుతుంటే నేను ఆమెకు వేదాంతం చెప్పాను.

అప్పటి నుంచి బడి వదిలాక సాయంత్రాలు, ఆదివారాలు అదే పని. కంపెనీవాళ్ళ డ్రైవర్ తీసి ఉచితంగా రాసేవాళ్ళ డ్రైవర్ వేశాను. అది తీసి ఇది. కొత్తది తీసి పాతది, పాతది తీసి మరీ పాతది. లినక్స్ మొత్తం తుడిచి మళ్ళీ వేయడం నాకు ఇల్లు ఊడ్చినంత అలవాటైంది. కాగితం మీద పట్టిక గీసుకున్నాను, ఏ డ్రైవర్‌కు ఎంతసేపు నిలిచిందో. ప్రతిసారీ నాలుగైదు నిమిషాలు. ప్రతిసారీ ఆ మాట దగ్గరే, కొంచెం అటూ ఇటూగా. పోగానే మళ్ళీ వేస్తే ఇంకా ముందే పోయేది, విసుగొచ్చినట్టు. గంట ఆగి వేస్తే మళ్ళీ కాస్త నిలిచేది, అలక తీరినట్టు.

యంత్రం పడిపోయాక ఎందుకు పడిందో ఒక చిట్టా రాసుకుంటుంది. స్నేహితుడు అది చదవమన్నాడు. చదివాను. గ్రాఫిక్స్ కార్డు బస్సులోంచి పడిపోయింది, అని ఇంగ్లీషులో ఉంది. పెట్టె లోపల కార్డుకూ మిగతా భాగాలకూ మధ్య ఉండే దారిని బస్సు అంటారని తర్వాత తెలిసింది. ఆ క్షణంలో అది తెలియదు. నాకు పదకొండేళ్ళప్పుడు, వాడికి ఏడప్పుడు, ఐరాలలో మా అత్త ఇంటికి పోతూ బస్సులోంచి వాడు కిందపడ్డాడు. చెయ్యి విరిగింది. వాడి రెండో చెయ్యి పట్టుకుని ఉన్నది నేను. వదిలేశాను. ఎందుకు వదిలానో ఇప్పటికీ తెలియదు, కిటికీలోంచి ఏదో చూస్తున్నాను. నేను వదిలానని వాడు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే, అందులో ఒకడు పోయాడు. ఆ మాట ఇప్పుడు పెట్టె తెర మీద రాసి ఉంది.

ఆ రోజు కిందికి వచ్చి అన్నం తినలేదు. నా భార్య ఊరుకోలేదు. "డ్రైవర్ మార్చి మార్చి మీకే మెంటల్ వచ్చినట్లుండాది. దానికి ఒక సీసపద్యం రాగం తీసి వినిపించండి, ఆ దెబ్బకి లేచి కూసుంటాది."

"నీకు ఎగతాళిగా ఉండాది."

"ఎగతాళి కాదు. అది మీ మాట వినదు. వాడే విన్లేదు, వాడి పెట్టె వింటాదా?"

ఎండలు ముదిరేకొద్దీ పెట్టె ఆయుష్షు తగ్గింది. చైత్రంలో మూడు నిమిషాలు. వైశాఖంలో రెండు. వాడి గొంతు వినిపించడానికే టైము చాలేది కాదు. సంవత్సరీకం దగ్గరపడుతుంటే వాడు ఒక్కో అడుగూ వెనక్కి వేస్తున్నట్టు నాకు తోచింది. అప్పుడే ఆ పాపపు ఆలోచన వచ్చింది: పండగ చేయకూడని ఏడాది చేశాను, దొంగచాటుగా చేశాను, ఆ పూజే దీనికి తగిలింది. ఒక మధ్యాహ్నం నిజంగా లెంపలు వేసుకున్నాను. తర్వాత నన్ను నేనే కోప్పడ్డాను. చదువుకున్నవాడివి, నామం పెడితే కంప్యూటర్ చెడిపోతుందా? నా బతుకులో నిజం నా చేతికి అంత దగ్గరగా వచ్చింది, దాన్ని మూఢనమ్మకమని కొట్టి పంపేశాను.

ఇంటర్నెట్‌లో లినక్స్ వాళ్ళు కూడే చోట ఒకటుంది, అక్కడ కూడా అడిగాను. చాలామంది చాలా చెప్పారు. ఒకాయన మాత్రం, ఫ్యాన్లు తిరుగుతున్నాయా చూశారా, అని అడిగాడు. నాకు కోపం వచ్చింది. డ్రైవర్ గురించి అడిగితే పంకాల గురించి మాట్లాడతాడేమిటి? కార్డు చాలా శుభ్రంగా ఉంది, పోయిన అక్టోబరులో నేనే స్వయంగా మూత తీసి చూసుకున్నాను, అని గౌరవంగా జవాబు రాశాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

జ్యేష్ఠమాసం చివర, సంవత్సరీకం ఇంకా మూడు వారాలుందనగా, స్నేహితుడు తిరుపతిలో ఏదో పెళ్ళి తీయడానికి వచ్చి, పని ముగించుకుని పట్టపగలు మా ఇంటికి వచ్చాడు. మరదలు మజ్జిగ ఇచ్చింది. అతను పైకి వచ్చి నా పట్టిక చూశాడు, నాలుగు కాగితాలు.

"ఇన్ని డ్రైవర్లు మార్చినావా? డిపోలో కూడా ఇంతమంది ఉండరన్నా."

సినిమా వేశాను. ఎండకు ఒకటిన్నర నిమిషంలో తెర ఆరిపోయింది. అతను తెర వైపు చూడలేదు. పెట్టె మీద అరచెయ్యి పెట్టి తీసేశాడు.

"ఏందన్నా ఇది, పెనం మాదిరి కాలతాండాది. ఫ్యాన్ సప్పుడు యాడ?"

"చప్పుడు సెయ్యదప్పా, మంచి కార్డు" అన్నాను, కొంచెం గర్వంగా.

అతను నా వైపు ఒకసారి చూసి, స్క్రూడ్రైవర్ అడిగాడు. ఇల్లంతా వెతికి తెచ్చాను. ఏడు నెలల్లో ఆ ఇంట్లో పనికొచ్చిన డ్రైవర్ అదొక్కటే. రేకు విప్పాడు. విప్పి, కదలకుండా కూర్చున్నాడు. తర్వాత చెప్పులు లేని కాళ్ళు సర్దుకుని, రెండు చేతులూ జోడించి, గ్రాఫిక్స్ కార్డుకు నమస్కారం చేశాడు.

నేను వంగి చూశాను. లోపల రెండు నామాలు, ఎర్రగా, తెల్లగా, ఏమీ చెదరకుండా నా వైపు చూస్తున్నాయి. కారిన తిరుమణి రెక్కల సందుల్లో ఎండి సున్నం గోడలా బిగుసుకుంది. అతను వేలితో ఒక ఫ్యాన్‌ను తోశాడు. కదల్లేదు.

"ఇది ఎవురు పెట్టినారన్నా?"

నేను చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కనపడలేదు.

"ఇవి మామూలుగా ఉంటే తిరగవు. కార్డు మీద బరువు పడితేనే తిరుగుతాయి. సేఫ్ గ్రాఫిక్స్‌లో బరువు లేదు, అందుకే నడిచింది. సినిమా వేస్తే బరువు. ఫ్యాను తిరగదు, కార్డు కాగిపోతాది, తనని తానే ఆర్పేసుకుంటాది. డ్రైవర్లో ఏమీ లేదు." అతను ఊపిరి తీసుకుని, ఎంత ఆపుకున్నా ఆగక అన్నాడు: "దేవుడు కొలువున్నాక ఇంగ తిరగమంటే ఎట్ల తిరుగుతాడన్నా? నువ్వు దానికి నామం పెట్టినావు, అది నీకు పెట్టింది."

అతను స్పిరిట్ సీసా, దూది నా చేతికిచ్చాడు. "నువ్వే తుడువు. నేను ముట్టుకోను."

తుడవడానికి వేలు పెట్టాను, ఆగిపోయాను. అది నుదురు కాదని నాకు తెలుసు. ప్లాస్టిక్ బిళ్ళ. అయినా చెయ్యి రాలేదు. మెట్ల మీద అడుగులు వినిపించాయి. మరదలు వచ్చి చూసింది. కార్డును చూసింది, దూదిని చూసింది, నన్ను చూసింది. అప్పుడు చెప్పాను, అంతా. దసరా, కూరగాయల సంచీలు, మూలవిరాట్టు.

ఆమె కార్డు దగ్గరికి వంగి, "ఆ పొద్దు ఇంట్లో తిరుమణి వాసన వచ్చింది బావగారూ. నాకే భ్రమ అనుకున్న్యా" అంది. నా చేతిలోంచి దూది తీసుకుని, తనే తుడిచింది. మెల్లగా, పసిపిల్లాడి ముఖం తుడిచినట్టు. సందుల్లోని మట్టి పాత పళ్ళబ్రష్షుతో గీకడానికి ఒక పూట పట్టింది.

రేకు బిగించకుండానే సినిమా వేశాం. రెండు నిమిషాలకు ఫ్యాన్లు ఒకసారి వణికి, తిరగడం మొదలుపెట్టాయి. గది నిండా ఆ గుర్రు. మరదలు గోడకు ఆనుకుంది. తమ్ముడి గొంతు ఆ మాట దగ్గరికి వచ్చింది, ఇంగ వచ్చేస్తాంది, వచ్చేస్తాంది... నేను కళ్ళు మూసుకున్నాను.

"వచ్చేసింది! సూడండి సూడండి!" అన్నాడు వాడు. కళ్ళు తెరిచాను. తెర నిండా మా ముఖాలు.

పదకొండేళ్ళ ముఖాలు. మా జుట్టు నెరుస్తుంది, వెనక ఇళ్ళు లేస్తాయి, ముఖాల మీద రాకెట్ వెలుగు పడి పోతుంది. ఒక్కొక్కరి కింద వాడు అక్షరాలు వేశాడు. నా భార్య రెండు చెవులూ మూసుకుని ఉంటే: 'వదిన. ఆ శబ్దం ఇంతదూరం రాదు.' మరదలు మెట్ల వైపు చూస్తుంటే: 'ఈమెకు పొయ్యి మీద పాలున్నాయి.' నోరు తెరుచుకుని కొండ వైపు చూస్తున్న మనిషి ఒకడు, ఏ ఏడాదికా ఏడాది అదే పనిగా: 'మా అన్న. తెలుగు పండితుడు. తూర్పు తప్ప మూడు దిక్కులూ చూశాడు.' స్నేహితుడు మజ్జిగ గ్లాసు కింద పెట్టి నవ్వాడు. నేను కూడా నవ్వాననే అనుకుంటున్నాను.

చివరి ముక్క. కెమెరా పిట్టగోడ మీద పెట్టినట్టున్నాడు. ముందు ఒక లుంగీ, ఒక బనియన్ తెరంతా నిండి, వెనక్కి జరిగి, మనిషయింది. పరుగెత్తి వెళ్ళి భార్య పక్కన నిలబడ్డాడు. అందరూ తలలెత్తారు. అందరి ముఖాల మీద నారింజ వెలుగు. వాడు మాత్రం తలెత్తలేదు. కెమెరాకు ఎర్రలైటు వెలుగుతోందో లేదో అని అదే పనిగా దాన్నే చూస్తున్నాడు. అంటే మమ్మల్నే. ఓటరు కార్డులో లేని ముఖం, కొంచెం కంగారుగా, కొంచెం ముచ్చటగా. వెలుగు తగ్గింది, చుట్టూ చప్పట్లు. వాడు ఉలిక్కిపడి పైకి చూసి, "అప్పుడే అయిపోయిందా?" అన్నాడు. అంతే. సినిమా అయిపోయింది.

మరదలు మళ్ళీ వేయమంది. మళ్ళీ వేశాం. నాలుగోసారికి, "ఆ లుంగీ మార్సుకోమంటే విన్లేదు" అంది. ఏడాదిలో ఆమె వాడి మీద విసుక్కోవడం నేను అదే మొదటిసారి విన్నాను.

ఆ చివరి ముక్కలో వాడి కింద అక్షరాలు లేవు. వేద్దామనుకుని ఉంటాడు, లేదా తన గురించి ఏం రాయాలో తోచి ఉండదు. మూడు వారాలు ఆ ఖాళీ నన్ను వదల్లేదు. ప్రోగ్రాంలో అక్షరాలు వేయడం ఎలాగో స్నేహితుణ్ణి ఫోనులో అడిగి నేర్చుకున్నాను. వాడు వాడిన అక్షరాలే, అదే సైజు, అదే తెలుపు.

సంవత్సరీకం నాడు కార్యక్రమం ముగిసి, భోజనాలయ్యాక, పది పన్నెండు మంది బంధువులు మేడ మీది గదిలో ఇరుక్కుని కూర్చున్నారు. నా మూడు దిక్కుల దగ్గర అందరూ కడుపుబ్బా నవ్వుకున్నారు. ఓర్చుకున్నాను. చివరి ముక్క వచ్చింది. తమ్ముడు పరుగెత్తి వచ్చి నిలబడి మా వైపు చూస్తుండగా, వాడి కింద నా అక్షరాలు వచ్చాయి:

'మా తమ్ముడు. పదకొండేళ్ళు తీశాడు. ఒక్కటీ చూడలేదు.'

మరదలు తల నా వైపు తిప్పింది. "ఇది ఆయన రాసింది కాదు గదా బావగారూ?"

"కాదమ్మా."

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే నవ్వింది. "బాగా అయ్యింది ఆయనకి" అంది.